పసికందు తెల్లకణాలు, రక్తనాళపు గోడ

రక్తంలో కొట్టుకుపోతున్న తెల్లకణం రక్తనాళపు లోపలి గోడకు తగిలి, దాని మీద దొర్లి, ఒకచోట నిలిచి అతుక్కుని, ఆ గోడను దాటి సూక్ష్మజీవి ఉన్న చోటికి చేరుకుంటుంది. ఇందులో గోడను పట్టుకునే దశను పాఠ్యపుస్తకాల్లో ఆసంజనం అంటారు. ఈ వ్యాసంలో దాన్ని అతుక్కోవడం, పట్టు అనే మామూలు మాటలతోనే చెబుతాం. పెద్దవాళ్లలో నిమిషాల మీద జరిగిపోయే ఈ పని అప్పుడే పుట్టిన బిడ్డలో మందంగా సాగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో కొన్నిసార్లు దాదాపు జరగదు. పుట్టిన మొదటి 28 రోజుల్లో సూక్ష్మజీవుల దాడి అంత ప్రమాదకరంగా ఉండటానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఈ విషయానికి ప్రసూతి ఆస్పత్రికి విడదీయలేని సంబంధం ఉంది. నవజాత శిశువు తెల్లకణాల గురించి ఇప్పటివరకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం బొడ్డుతాడు నుంచి, మాయ నుంచి తీసిన రక్తం వల్లే తెలిసింది. కాన్పు అయ్యాక పారేసే పదార్థమే పరిశోధనకు ముడిసరుకు. అందుకే ఈ కథ చెప్పడానికి ఉత్తర చెన్నైలోని రాయపురం తగిన చోటు.

రాయపురం అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1856లో మొదలైన రైల్వే స్టేషను, దక్షిణ భారతంలో మొట్టమొదటిది. దాని తర్వాత కాశిమేడు చేపల రేవు. ఆ చుట్టుపక్కల పుట్టిన పిల్లలకు మాత్రం మొదటి చిరునామా రాజా సర్ రామస్వామి మొదలియార్ ప్రసూతి ఆస్పత్రి. జనం నోట అది ఆర్‌ఎస్‌ఆర్‌ఎం. సవలై రామస్వామి మొదలియార్ అనే దాత పేరు మీద, 1880 నాటి నుంచి నడుస్తున్న ఈ ఆస్పత్రి ఇప్పుడు స్టాన్లీ వైద్య కళాశాలకు అనుబంధం. ఆ స్టాన్లీ కూడా ఒకప్పుడు రాయపురం మెడికల్ స్కూలే. 1938లో కళాశాల అయింది. అంతకుముందు దాని మూలం 1780ల కరువులో ఆకలిగొన్నవాళ్లకు గంజి పోసిన మణేగారు సత్రం. పెద్దవాళ్లు ఇప్పటికీ స్టాన్లీ ఆస్పత్రిని గంజి తొట్టి ఆస్పత్రి అనే అంటారు. చాకలిపేట, రాయపురం, జార్జిటౌన్ వీధుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ శెట్టి చాకలిపేటకు చెందిన అలాంటి తెలుగు నేతగాళ్ల ఇంటివాడే. ఈ పేటల్లో పురుడు, బొడ్డూడటం, ముర్రుపాలు అన్న మాటలకు తర్జుమా అవసరం లేదు. వాటిలో చివరి రెండు మాటలూ ఈ వ్యాసంలో మళ్లీ వస్తాయి.

చూసినవాళ్లు

తెల్లకణం నాళపు గోడను పట్టుకుంటుందని మొదట చూసినవాళ్లు బతికున్న జంతువుల పలుచని పొరలను సూక్ష్మదర్శిని కింద పరిచి చూసినవాళ్లే. 1824లో ఫ్రాన్సుకు చెందిన డ్యుట్రోషే, కణాలు ప్రవాహం నుంచి పక్కకు జరిగి నాళం బయట చేరడాన్ని వర్ణించాడు. 1846లో ఇంగ్లండులో అగస్టస్ వాలర్ దాన్ని ఇంకా వివరంగా రాశాడు. వీళ్ల మాట అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1867లో జర్మనీలో యూలియస్ కోన్‌హైమ్ కప్ప పేగుపొరను బయటకు తీసి గంటల తరబడి చూసి, చీములో కనిపించే కణాలు రక్తంలోంచి వచ్చినవేనని తేల్చాక అందరూ ఒప్పుకున్నారు. 1882లో ఇల్యా మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సీనా తీరంలో, పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. కణం శత్రువును మింగుతుందన్న సిద్ధాంతం అక్కడ పుట్టింది. 1908లో ఆయనకు పౌల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

మింగడానికి ముందు చేరుకోవాలి, చేరుకోవడానికి ముందు పట్టుకోవాలి. ఆ పట్టు దేనితో అన్న ప్రశ్నకు మరో నూరేళ్ల దాకా జవాబు దొరకలేదు. 1973లో అమెరికాలో ఎరిక్ జాఫే బృందం మనిషి బొడ్డుతాడు సిర నుంచి నాళపు లోపొర కణాలను వేరుచేసి గాజుపాత్రలో పెంచడం నేర్చుకుంది. అప్పటి నుంచి ప్రపంచంలోని ఏ ప్రయోగశాలలోనైనా రక్తనాళపు గోడ అంటే ముందుగా వాడేది బిడ్డ బొడ్డుతాడులో పెరిగిన కణాలనే. ఎవరో ఒక తల్లి కాన్పు తర్వాత మిగిలిన బొడ్డుతాడే గోడల శాస్త్రమంతటికీ పునాది రాయి అయింది.

పట్టు జరిగే తీరు

కాశిమేడు రేవులో పడవ గట్టుకు చేరడం చూసినవాళ్లకు ఈ ప్రక్రియ సులువుగా అర్థమవుతుంది. ముందు తాడు విసురుతారు. పడవ ఆగదు, వేగం తగ్గి గట్టుకు రాసుకుంటూ మెల్లగా కదులుతుంది. ఆ తర్వాతే అసలు మోకు కట్టి బిగిస్తారు. మనుషులు దిగడం ఆఖరి పని. తెల్లకణం చేసే పని కూడా సరిగ్గా ఈ క్రమంలోనే ఉంటుంది.

ఇక్కడ మనం ప్రధానంగా మాట్లాడేది న్యూట్రోఫిల్ అనే తెల్లకణం గురించి. బాక్టీరియా మీదికి అందరికన్నా ముందు వెళ్లేది అదే. అది గోడను పట్టుకునే చోటు పెద్ద నాళాలు కావు. కేశనాళికలు దాటాక వచ్చే అతి సన్నని సిరల్లో ప్రవాహం నెమ్మదిస్తుంది. ఎర్రకణాలు మధ్యన గుంపుగా పోతూ తెల్లకణాలను అంచులకు నెడతాయి. అంచుకు వచ్చిన కణానికి గోడ తగులుతుంది.

విసిరే తాళ్ల పేరు సెలెక్టిన్లు. మూడు రకాలున్నాయి. తెల్లకణం మీద ఉండేది ఎల్-సెలెక్టిన్. గోడ మీద ఉండేవి పి-సెలెక్టిన్, ఇ-సెలెక్టిన్. పి-సెలెక్టిన్‌ను నాళపు లోపొర కణాలు ముందే తయారుచేసి చిన్న సంచుల్లో దాచుకుంటాయి. 1964లో వాటిని కనుగొన్న వైబెల్, పలాడే పేర్లే ఆ సంచులకు పెట్టారు. ప్రమాద సంకేతం అందిన కొన్ని నిమిషాల్లో సంచులు గోడ పైకి వచ్చి తెరుచుకుంటాయి. ఇ-సెలెక్టిన్ మాత్రం కొత్తగా తయారు కావాలి, అందుకు కొన్ని గంటలు పడుతుంది. ఈ తాళ్లకు ఎదుటి కణం మీద ఉండే కొక్కెం ఒక ప్రత్యేకమైన చక్కెర గొలుసు. దాని చివర ఫ్యూకోజ్ అనే చక్కెర ఉండి తీరాలి. ఆ సంగతి ముందు ముందు అవసరపడుతుంది, గుర్తుంచుకోవాలి.

సెలెక్టిన్ ముడికి ఒక వింత గుణం ఉంది. మామూలు ముడిని లాగితే ఊడుతుంది. ఈ ముడి కొంతమేరకు లాగేకొద్దీ బిగుస్తుంది, ఉచ్చులాగా. 2003లో పి-సెలెక్టిన్ మీద చేసిన కొలతలతో ఇది రుజువైంది. ప్రవాహం పూర్తిగా ఆగితే కణం గోడను వదిలేస్తుంది, ప్రవాహం ఉంటే పట్టుకుంటుంది. రక్తం పారే నాళంలో తప్ప ఇంకెక్కడా ఈ తాడు సరిగా పనిచేయదన్నమాట. ముడులు ముందు పడుతూ వెనక ఊడుతూ ఉండటంతో కణం సెకనుకు కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని పదుల మైక్రాన్ల వేగంతో గోడ మీద దొర్లుతుంది.

దొర్లుతున్న కణానికి గోడ మీద అంటుకుని ఉన్న కీమోకైన్లు అనే సంకేత పదార్థాలు తగులుతాయి. వాటిలో బాగా తెలిసింది ఇంటర్‌లూకిన్-8. ఆ సంకేతంతో కణం మీద ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్లు నిటారుగా లేచి తెరుచుకుంటాయి. ఇవే మోకులు. న్యూట్రోఫిల్‌లో ముఖ్యమైనవి రెండు, ఎల్‌ఎఫ్‌ఏ-1, మ్యాక్-1. రెండింటికీ ఉమ్మడిగా సిడి18 అనే గొలుసు ఉంటుంది. గోడ మీద వీటిని పట్టే గుంజ ఐక్యామ్-1. మోకు బిగిశాక కణం నిలుస్తుంది, చదునవుతుంది, పాకుతూ రెండు గోడకణాల మధ్య సందు వెతుక్కుని అవతలికి దూరుతుంది. మ్యాక్-1 గురించి ఇంకొక్క మాట చెప్పాలి. దాని నిల్వలో ఎక్కువ భాగం కణం లోపలి రేణువుల్లో దాగి ఉంటుంది. సంకేతం వచ్చాక ఆ నిల్వ ఉపరితలానికి వచ్చి బలం పెంచుతుంది.

పసిబిడ్డలో తేడా ఎక్కడ

శిశువు న్యూట్రోఫిల్స్ సరిగా కదలవని 1970ల నుంచే వైద్యులకు తెలుసు. సంకేతం ఉన్న వైపు నడిపిస్తే పెద్దవాళ్ల కణాల కన్నా తక్కువ దూరం పోయేవి. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో డొనాల్డ్ ఆండర్సన్, వేన్ స్మిత్ తదితరులు 1981 నుంచి ఈ ప్రశ్నను ముక్కలు ముక్కలుగా విడదీసి చూశారు. ఒక్క చోట లోపం దొరుకుతుందని వెతికితే, దారి పొడవునా ఒక్కో మెట్టు దగ్గర కొంచెం కొంచెం తరుగు కనిపించింది.

మొదటి తరుగు తాడులోనే. శిశువు న్యూట్రోఫిల్ మీద ఎల్-సెలెక్టిన్ పెద్దవాళ్ల కన్నా తక్కువ. 1991లో ఆండర్సన్ బృందం దీన్ని చూపింది. పెద్దవాళ్ల కణం సంకేతం అందగానే తన ఎల్-సెలెక్టిన్‌ను చటుక్కున విదిల్చేసుకుని తర్వాతి మెట్టుకు సిద్ధమవుతుంది. శిశువు కణం ఆ విదిలింపు కూడా మందంగానే చేస్తుంది. ఫలితంగా ప్రవాహంలో గోడను అందుకునే కణాల సంఖ్య పడిపోతుంది.

రెండో తరుగు మోకులో. ఎల్‌ఎఫ్‌ఏ-1 దాదాపు పెద్దవాళ్లతో సమానంగానే ఉంటుంది. తక్కువయ్యేది మ్యాక్-1. చాలాకాలం దాకా ఇది పైకి రావడంలోనే ఇబ్బంది అనుకున్నారు. 1990ల్లో కణాన్ని పగలగొట్టి లోపలి నిల్వ మొత్తం కొలిచాక, అసలు నిల్వే తక్కువని, గర్భంలో గడిపిన వారాలు ఎంత తక్కువైతే ఆ నిల్వ అంత తక్కువని తేలింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కానీ ఆలోచనను మార్చింది. కణం చెప్పిన మాట వినకపోవడం వేరు, చేతిలో సరుకే లేకపోవడం వేరు. సరుకు లేనివాడిని గట్టిగా పిలిచి ప్రయోజనం లేదు. దీని పర్యవసానం మందుల దగ్గర కనిపిస్తుంది.

మూడోది కణం శరీరంలోనే ఉంది. గోడ సందులోంచి దూరాలంటే కణం మెత్తగా సాగాలి. శిశువు న్యూట్రోఫిల్ కొంచెం బిరుసు. కదలికకు కావలసిన ఆక్టిన్ పోగులను పేర్చుకోవడం కూడా నెమ్మది.

నాలుగోదాన్ని నేను అన్నింటికన్నా ముఖ్యమనుకుంటాను, ఎందుకంటే అది తెల్లకణానికి సంబంధించినది కాదు, గోడకు సంబంధించినది. 1999లో నెలలు నిండని శిశువుల నాళాల మీద జరిగిన పరిశీలనలో గోడ మీద పి-సెలెక్టిన్ తక్కువగా కనిపించింది. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లోనూ అదే తీరు. పడవలో తాడు పొట్టిది, గట్టు మీద గుంజ కూడా సరిగా పాతలేదు. రెండు వైపులా లోటున్న చోట ఒక వైపు మాత్రమే సరిచేస్తే సగం పని కూడా కాదు.

ఈ ముక్కలన్నింటినీ ఒక చోట చేర్చింది జర్మనీలోని మ్యూనిక్ బృందం. 2013లో వెలువడిన ఆ పనిలో మార్కుస్ స్పెరాండియో సహచరులు వేర్వేరు వారాల్లో పుట్టిన పిల్లల న్యూట్రోఫిల్స్‌ను సన్నని గాజు గొట్టాల్లో పారించి, అవి దొర్లే తీరును, అతుక్కునే తీరును లెక్కపెట్టారు. వారాలు పెరిగేకొద్దీ రెండూ పెరిగాయి. బాగా ముందుగా పుట్టిన పిల్లల కణాలు చాలా తక్కువగా నిలిచాయి. పుట్టాక కూడా అదే పిల్లల్ని మళ్లీ మళ్లీ చూసినప్పుడు, పట్టు పెరగడం బిడ్డ పుట్టిన తేదీని బట్టి కాక, కడుపులో పడ్డ నాటి నుంచి గడిచిన వారాలను బట్టి సాగింది. అంటే 28 వారాలకు పుట్టిన బిడ్డ ఆరు వారాలు బతికితే, ఆ బిడ్డ కణాన్ని నెలన్నర పిల్లవాడి కణంగా కాదు, 34 వారాల గర్భస్థ శిశువు కణంగా చూడాలి. మన ఇళ్లలో నెలలు నిండలేదు అనే మాట ఈ లెక్కనే సూచిస్తుంది. బిడ్డ బయటపడినా నెలలు నిండటం ఆగదు, ఇంక్యుబేటర్‌లోనే నిండుతాయి.

లోపమా, గడువా

పరిపక్వత లేదు, లోపం ఉంది అని రాయడం వైద్య గ్రంథాల అలవాటు. ఆ మాటలు తప్పు కాకపోయినా అసలు సంగతిని మరుగుపరుస్తాయి. కడుపులోని బిడ్డకు సగం జన్యువులు తండ్రివి. తల్లి ఒంటికి ఆ బిడ్డ పాక్షికంగా పరాయిది, బిడ్డ ఒంటికి తల్లి కణాలు పరాయివి. రెండు రక్తాలు మాయ దగ్గర పలుచని పొరకు అటూ ఇటూ ప్రవహిస్తాయి. ఆ చోట తెల్లకణాలు చిన్న రెచ్చగొట్టుకే గోడలకు అతుక్కుని వాపు పుట్టిస్తే గర్భం నిలవడమే కష్టం. మామూలుగా బాక్టీరియా లేని ఉమ్మనీటిలో బతికే బిడ్డకు చురుకైన న్యూట్రోఫిల్ వల్ల లాభం తక్కువ, ముప్పు ఎక్కువ. అందువల్ల ఈ మందకొడితనాన్ని గర్భానికి తగినట్టు అమర్చిన ఏర్పాటుగా చూసే పరిశోధకుల సంఖ్య పెరిగింది. నాకు కూడా అదే సమంజసం అనిపిస్తుంది. ఇబ్బంది వచ్చేది ఏర్పాటులో కాదు, గడువుకు ముందే బిడ్డ బయటకు రావడంలో. 2020లో ప్రపంచంలో సుమారు 1 కోటి 34 లక్షల మంది పిల్లలు 37 వారాలు నిండకుండా పుట్టారని అంచనా. అందులో 30 లక్షలకు పైగా భారతదేశంలోనే.

ఇదే అమరికకు ఇంకో ముఖం ఉంది. శిశువు న్యూట్రోఫిల్ ఆలస్యంగా వస్తుంది, కానీ వచ్చాక ఆలస్యంగానే చస్తుంది. పెద్దవాళ్లలో పని అయిపోయిన కణం తనంతట తాను రాలిపోయి వాపు తగ్గడానికి దారిస్తుంది. శిశువులో ఆ రాలిపోవడం వాయిదా పడుతుంది. నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తుల్లో చేరిన న్యూట్రోఫిల్స్ అక్కడే ఉండిపోయి కణజాలాన్ని దెబ్బతీయడం దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకు తోడ్పడే కారణాల్లో ఒకటి. రాక తక్కువ కాబట్టి హాని తక్కువ అనుకోవడానికి వీల్లేదు.

రిపోర్టులోని అంకె

ప్రసూతి వార్డులో తండ్రులకు, అమ్మమ్మలకు తరచు కంగారు పుట్టించేది రక్తపరీక్ష కాగితంలోని తెల్లకణాల అంకె. పెద్దవాళ్లకు మైక్రోలీటరుకు 4,000 నుంచి 11,000 మామూలు. అప్పుడే పుట్టిన బిడ్డకు 9,000 నుంచి 30,000 దాకా ఉండవచ్చు. మొదటి పన్నెండు గంటల్లో న్యూట్రోఫిల్స్ పైకి ఎగసి, తర్వాత రోజుల్లో దిగిపోతాయి. నొప్పులు పడి పుట్టిన బిడ్డలో అంకె ఎక్కువ, నొప్పులు రాకముందే సిజేరియన్‌తో తీసిన బిడ్డలో తక్కువ. కాబట్టి పెద్ద అంకె చూసి ఇన్‌ఫెక్షన్ అని, అలాంటి బిడ్డకు రక్షణ బాగుందని, రెండు రకాలుగానూ పొరపడవచ్చు.

ఆ అంకె రక్తంలో తిరుగుతున్న కణాలను మాత్రమే లెక్కిస్తుంది. గోడను పట్టుకుని ఉన్నవి, గోడ దాటిపోయినవి అందులో రావు. ఎముక మజ్జలో శిశువు దాచుకున్న నిల్వ కూడా చిన్నది. ఇన్‌ఫెక్షన్ ఒంటినిండా పాకే సెప్సిస్ తీవ్రమైతే ఆ నిల్వ చప్పున అయిపోయి, అంకె పెరగాల్సింది పోయి పడిపోతుంది. నవజాత శిశువులో న్యూట్రోఫిల్స్ పడిపోవడం వైద్యులు అతి జాగ్రత్తగా చూసే గుర్తు. అందుకే ఇటీవలి పరిశోధనలు అంకెను వదిలి కణం ఉపరితలాన్ని చూస్తున్నాయి. మ్యాక్-1లో భాగమైన సిడి11బి, దానితోపాటు సిడి64 అనే అణువు ఎంత పైకి వచ్చాయో కొలిస్తే సెప్సిస్‌ను తొందరగా పసిగట్టవచ్చా అన్నది ఆ ప్రశ్న. సిడి64 ఇందులో కొంత ఆశ చూపింది కానీ ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా నమ్మదగినది కాలేదు.

బొడ్డు ఊడని బిడ్డలు

గోడ పట్టు పూర్తిగా లేకపోతే ఏమవుతుందో ప్రకృతి కొన్ని కుటుంబాల్లో చూపించింది. 1979లో లండన్ వైద్యులు బొడ్డు ఊడటం బాగా ఆలస్యమై, ఒంటినిండా ఇన్‌ఫెక్షన్లు వచ్చి, న్యూట్రోఫిల్స్ కదలని శిశువుల గురించి రాశారు. బొడ్డుకూ తెల్లకణానికీ సంబంధమేమిటన్న సందేహం సహజం. కోసి ముడివేసిన బొడ్డుతాడు ఎండిపోయి, మొదలు దగ్గర న్యూట్రోఫిల్స్ చేరి ఆ అతుకును కరిగిస్తేనే అది రాలుతుంది. సాధారణంగా ఒకటి నుంచి రెండు వారాల్లో ఊడుతుంది. కణాలు అక్కడికి రాలేకపోతే ఊడదు.

1980ల్లో ఈ పిల్లల్లో లేనిది సిడి18 గొలుసు అని తెలిసింది. దాని జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ పాడైన ప్రతి వస్తేనే జబ్బు వస్తుంది కాబట్టి మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఉన్న కుటుంబాల్లో దీన్ని గుర్తుంచుకోవాలి. దక్షిణాదిలో అలాంటి పెళ్లిళ్లు ఇప్పటికీ ఉన్నాయి గనుక ఇది మనకు దూరపు విషయం కాదు. ఈ బిడ్డల్లో పుండు ఎర్రబడుతుంది, కుళ్లుతుంది, కానీ చీము పట్టదు. చీమంటే గోడ దాటి వచ్చిన న్యూట్రోఫిల్సే. రక్తంలో మాత్రం తెల్లకణాలు విపరీతంగా పేరుకుంటాయి. రేవులో దిగలేక పడవలన్నీ నీళ్లమీదే తిరుగుతున్నట్టు. పరీక్ష కాగితంలో అంకె ఆకాశానికి, పుండులో ఒక్క కణమూ ఉండదు. సిడి18 ఉందో లేదో ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్షతో తేలుతుంది. ముంబైలోని ఐసీఎంఆర్ జాతీయ రక్త రోగనిరోధక సంస్థ వంటి కేంద్రాలు ఈ పరీక్ష చేస్తున్నాయి. తీవ్రమైన రకానికి నిలకడైన చికిత్స ఎముక మజ్జ మార్పిడి. బిడ్డ సొంత మూలకణాల్లోకే సరైన జన్యువును ఎక్కించే చికిత్సను తొమ్మిది మంది పిల్లల మీద ప్రయత్నించగా మంచి ఫలితం వచ్చింది.

ఈ జబ్బులో రెండో రకం ఇంకా అరుదు. 1992లో దాన్ని వర్ణించారు. ఇక్కడ మోకులు బాగానే ఉంటాయి, తాడు పట్టే కొక్కెం ఉండదు. ఫ్యూకోజ్ చక్కెరను కణం లోపల కావలసిన గదికి చేరవేసే ప్రోటీన్ పాడవుతుంది. ఫ్యూకోజ్ లేక సెలెక్టిన్ల కొక్కెం తయారవదు, ఎర్రకణాల మీది హెచ్ పదార్థమూ తయారవదు. హెచ్ లేని రక్తం అంటే 1952లో డాక్టర్ భెండే, సహచరులు బొంబాయిలో కనిపెట్టిన బాంబే రక్తవర్గం. ఈ పిల్లలకు ఆ వర్గమే ఉంటుంది, ఎదుగుదలలో వెనకబాటూ ఉంటుంది. ఒక భయం ఇక్కడే పోగొట్టాలి. మామూలు బాంబే వర్గం వాళ్లలో తప్పు వేరే జన్యువులో ఉంది. వాళ్ల తెల్లకణాల పట్టుకు ఏ లోటూ లేదు. మూడో రకంలో కిండ్లిన్-3 అనే లోపలి ప్రోటీన్ లేక ఇంటెగ్రిన్లు తెరుచుకోవు. ప్లేట్‌లెట్లు కూడా పనిచేయక రక్తస్రావం తోడవుతుంది.

బొడ్డు ఊడటం ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు ఉందని కాదు. క్రిమినాశక మందు రాసిన బొడ్డు మామూలుగానే కొన్ని రోజులు ఎక్కువ నిలుస్తుంది. మూడు నాలుగు వారాలు దాటినా ఊడకపోయి, దానితోపాటు బొడ్డు చుట్టూ ఎర్రదనమో జ్వరమో ఉంటే, అన్నకో అక్కకో ఇలాగే జరిగి ఉంటే, ఆగకుండా పరీక్ష చేయించాలి.

మందులు చేయలేనిది

ఢిల్లీలోని మూడు పెద్ద ఆస్పత్రుల్లో 2011–2014 మధ్య పుట్టిన 88,636 మంది శిశువులకు సంబంధించిన అధ్యయనం 2016లో వెలువడింది. అక్కడి ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో చేరిన పిల్లల్లో 14.3 శాతం మందికి సెప్సిస్ వచ్చింది. అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఇ. కోలై ముందు వరసలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం పలు మందులకు లొంగనివి. యాంటీబయాటిక్ చేతులెత్తేసిన చోట బిడ్డ సొంత కణాలనే లేపుదామన్న ఆలోచన అందుకే వచ్చింది.

బ్రిటన్‌లో 31 వారాలు లేదా అంతకన్నా ముందే పుట్టిన 280 మంది చిన్న బరువు పిల్లల్లో సుమారు సగం మందికి న్యూట్రోఫిల్స్‌ను పెంచే జీఎం-సీఎస్‌ఎఫ్ మందు ఇచ్చిన ప్రయోగ ఫలితం 2009లో వచ్చింది. కణాల సంఖ్య పెరిగింది, సెప్సిస్ తగ్గలేదు. 2011లో సుమారు 3,500 మంది శిశువుల్లో సగం మందికి ప్రతిరక్షకాల ద్రవం ఎక్కించి చూసిన ప్రయోగమూ మరణాలను తగ్గించలేదు. గోడ పట్టు గురించి తెలిసినవాళ్లకు మొదటి ఫలితం అంతుపట్టనిది కాదు. పొట్టి తాళ్లున్న పడవలను ఎన్ని పంపినా గట్టుకు చేరేవి కొన్నే.

పనిచేసినవి మాత్రం వేరే దారిలో ఉన్నాయి. ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేల మంది పిల్లల్లో సగం మందికి పుట్టిన మొదటి వారంలో ఒక మేలు చేసే బాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరను కలిపి ఇచ్చిన ప్రయోగంలో సెప్సిస్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగాయి. ఆ ఫలితం 2017లో వెలువడింది. ఆ పిల్లలు నెలలు దాదాపు నిండినవాళ్లు, రెండు కిలోలకు పైబడినవాళ్లు. అతి చిన్న పిల్లలకు దాన్ని నేరుగా అన్వయించకూడదు. చిన్న పిల్లలకు ఫలితం ఇచ్చింది తల్లి ఛాతీ. బరువు తక్కువ బిడ్డను పుట్టిన వెంటనే తల్లి చర్మానికి ఆనించి ఉంచితే మరణాలు సుమారు పాతిక శాతం తగ్గాయని, భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగిన ప్రయోగం 2021లో తేల్చింది. బొడ్డుకు పసుపు, ఆముదం, బూడిద రాయకుండా పొడిగా వదిలేయమని నర్సులు చెప్పేది కూడా ఇందుకే. ఆ చోట చేరే సూక్ష్మజీవిని ఎదుర్కొనే కణం ఇంకా గట్టు చేరడం నేర్చుకుంటోంది.

ముర్రుపాలు

కొన్ని ఇళ్లలో మొదటి మూడు రోజుల పాలను చిక్కగా, పచ్చగా ఉన్నాయని పిండి పారబోసే అలవాటు ఉండేది. ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. ఆ పాలలో ప్రతిరక్షకాలు ఉంటాయని అందరికీ తెలుసు. తెల్లకణం పట్టుకు సంబంధించిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘన పదార్థం ప్రత్యేకమైన చక్కెర గొలుసులు, ముర్రుపాలలో అవి మరీ ఎక్కువ. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. చాలావరకు పేగు బాక్టీరియాకు వెళతాయి, కొద్ది భాగం రక్తంలోకీ చేరుతుంది. వాటిలో కొన్ని గొలుసుల చివర సియాలిక్ ఆమ్లం, ఫ్యూకోజ్ ఉంటాయి, సెలెక్టిన్ కొక్కేనికి పోలిక ఉన్నవే. 2004లో లార్స్ బోడే, సహచరులు ఈ గొలుసులను బొడ్డుతాడు గోడకణాల మీద పారించి చూస్తే న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు, లింఫోసైట్లు అనే తెల్లకణాలు గోడకు అతుక్కోవడం తగ్గింది.

ఇప్పటికే పట్టు తక్కువైన బిడ్డకు పట్టును ఇంకా తగ్గించే పాలు మేలెలా చేస్తాయన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. ప్రయోగశాల గొట్టంలో చూసినదాన్ని బిడ్డ ఒంటికి యథాతథంగా ఆపాదించకూడదు అన్నది మొదటి జవాబు. రెండోది, నెలలు నిండని పిల్లల ప్రాణం తీసే జబ్బుల్లో పేగు కుళ్లే జబ్బు ఒకటి. అందులో అతిగా రగిలిన వాపు పెద్ద పాత్ర వహిస్తుంది. తల్లిపాలు తాగే పిల్లల్లో ఆ జబ్బు తక్కువని బాగా రుజువైంది. అక్కడ కావలసింది మరిన్ని కణాలు చేరడం కాదు, చేరినవి హద్దు మీరకపోవడం. పాలలోని చక్కెర ఆ హద్దు పెట్టడంలో పాలు పంచుకుంటుందన్నది పరిశోధకుల ఊహ.

ఒక బిడ్డ నుంచి ఎంత రక్తం

ఈ రంగం మెల్లగా సాగడానికి కారణం చాలా మామూలుది. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం 80 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీగ్లాసెడు. పెద్దవాళ్ల పరీక్షకు తీసే 10 మిల్లీలీటర్లు ఆ బిడ్డకు పదో వంతు. పరిశోధన కోసం అంత తీయడం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అందుకే మొదట్లో అన్ని లెక్కలూ బొడ్డుతాడు రక్తం మీదే జరిగాయి. ఆ రక్తం పుట్టిన క్షణాన్ని మాత్రమే చూపుతుంది. మూడో రోజు, పదో రోజు బిడ్డలో ఏం మారిందో దానికి తెలియదు. వెంట్రుకంత సన్నని గొట్టాల్లో కొన్ని చుక్కల రక్తంతోనే దొర్లడాన్ని లెక్కపెట్టే పరికరాలు వచ్చాకే ఒకే బిడ్డను వారం వారం చూడటం సాధ్యమైంది. మ్యూనిక్ ఫలితం సాధ్యపడింది ఆ విధంగానే.

బిడ్డ బయటపడ్డాక మాయను పళ్లెంలో పెట్టి, బొడ్డుతాడు సిరలోకి సూది దింపితే కొన్ని పదుల మిల్లీలీటర్ల రక్తం వస్తుంది. బిడ్డకు నొప్పి లేదు, తల్లికి నష్టం లేదు. బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి కట్టాలని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి ఆ రక్తంలో కొంత ముందే బిడ్డకు చేరిపోతుంది, చేరాలి కూడా. మాయలో మిగిలినదే పరిశోధకుడి వాటా.